నాలుగో నంబరు ప్రెస్సు

కొత్తవాడు తెచ్చిచ్చిన చాయ్‌ని బిక్షపతి అతని కాళ్ళ ముందే పారబోశాడు.

"నా మిషన్ గుంజుకున్నవ్. ఇగ చాయ్ తాపి పుణ్యం గూడ గుంజుకుంటవా?"

కొత్తవాడు ఖాళీ గ్లాసును హోటల్ పాండురంగకు ఇచ్చి వచ్చి, అదే బల్ల మీద కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

నాచారంలో డబ్బా మూతలు చేసే ఫ్యాక్టరీ గేటు ఆ హోటల్‌కు ఎదురుగానే ఉంటుంది. లోపల రేకు మూతలు కొట్టే నాలుగో నంబరు ప్రెస్సు మీద బిక్షపతి పదకొండేళ్ళు పనిచేశాడు. నెల కిందట సేటు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. నాలుగో నంబరు మూసేస్తున్నాం, నీకు పని లేదు అని అందులో ఉంది.

వారం తిరగకముందే కొత్తవాణ్ణి పెట్టుకున్నారు, నాలుగో నంబరు మోగింది. గేటు బయట నిలబడినా దాని చప్పుడు బిక్షపతికి తెలుస్తుంది.

లేబర్ ఆఫీసుకు పోయాడు.

"ఆ మిషన్ నడుస్తోందని లోపలివాళ్ళు ఒక్కరు వచ్చి చెప్పాలి. చెబితే నీ పని నీకొస్తుంది," అన్నాడు ఆఫీసర్. సోమవారం రమ్మన్నాడు.

పాతవాళ్ళను అందరినీ అడిగాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. పక్క మిషన్ చంద్రయ్య కూడా.

"నాకు యాభై దాటినయ్ తమ్మీ. నాది గూడ పోతె నన్నెవరు పెట్టుకుంటరు?"

అప్పటి నుంచి బిక్షపతి రోజూ పొద్దున్నే చిల్కానగర్ నుంచి వచ్చి ఈ బల్ల మీద కూర్చుంటున్నాడు. నాలుగో నంబరు ఆగిపోవాలి. సేటు గేటు దాటి వచ్చి తనను బతిమాలాలి. అది చూడాలి.

"నన్నూ విశాఖలో ఇలాగే తీసేశారండీ," అన్నాడు కొత్తవాడు.

"అయితె? ఆడ మిషన్లు ఒడిసినయని మావి ఎతుకుతున్నవా?"

"మీ పూర్తి పేరేంటండీ? ఏ సంవత్సరంలో చేరారు?"

"ఎందుకు, నా పేరు కొట్టేసి నీ పేరు రాపిచ్చుకోనీకా?"

అయినా చెప్పాడు. నలుగురికీ వినపడేలా చెప్పాడు. "గాదె బిక్షపతి. రెండువేల పద్నాలుగు."

కొత్తవాడు పెదవులు కదుపుతూ రెండుసార్లు అనుకున్నాడు.

"ఇంకొక్క మాటండీ. మూత అతుక్కుంటే ఎలా తీసేవారు?"

బిక్షపతి చేయి సంచి మీదకు పోయింది. అందులో ఒక వెదురు పుల్ల ఉంది, కొసకు అయస్కాంతం కట్టింది. నాలుగో నంబరు వేడెక్కితే ఒక దెబ్బకు రెండు కొడుతుంది. రెండోది కాలితో పెడలు తొక్కకుండానే పడుతుంది. సూపర్‌వైజర్‌కు చెప్పి చెప్పి విసిగిపోయి, ఆ పుల్ల తనే చేసుకున్నాడు. పదకొండేళ్ళూ మూతలు దానితోనే లాగాడు. కాగితం ఇచ్చిన రోజు దాన్ని వెంట తెచ్చుకున్నాడు.

"చేత్తోనే," అన్నాడు.

"భయం లేదాండీ?"

"మస్తు మంచి మిషన్. కాలు తియ్యంగనే ఆగుతది."

"చాలా థాంక్సండీ అన్నగారూ," అని కొత్తవాడు లేచాడు.

మర్నాడు, శుక్రవారం, అతను పనిలోకి రాలేదు. సెలవు పెట్టాడట.

శనివారం వచ్చాడు. మధ్యాహ్నం ఎండ మండుతోంది. లోపల నాలుగో నంబరు ఆగి ఆగి మోగుతోంది. ధడ్. ధడ్. ఒక్కసారి మాత్రం రెండు దెబ్బలు వెంట వెంటనే పడ్డాయి.

తరువాత చప్పుడు లేదు.

బిక్షపతి గ్లాసు దించలేదు. చాయ్ పూర్తిగా తాగాడు.

గేటు తెరుచుకుంది. కొత్తవాణ్ణి పట్టుకొచ్చి ఆటో ఎక్కించారు. కుడిచేతికి చుట్టిన తువ్వాలు తడిసి, మోచేతి దాకా కారుతోంది. ఆటో ఉప్పల్ వైపు పోయింది.

"నాలుగు వేళ్ళు పోయినయ్ తమ్మీ," అన్నాడు గేటు దాకా వచ్చిన చంద్రయ్య. "నీకెన్నడు గిట్ల గాలే."

"నాకు పని తెల్సు."

"గా నీ పుల్ల ఏమాయె?"

"నా పుల్ల నా తాననే ఉన్నది."

సాయంత్రం దాకా నాలుగో నంబరు మోగలేదు. నెల తరువాత ఆ రోజు బిక్షపతికి అన్నం రుచిగా అనిపించింది.

సోమవారం లేబర్ ఆఫీసుకు సేటు మనిషి ముందే వచ్చి కూర్చున్నాడు.

"నాలుగో నంబరు బందే ఉంది సార్. కావాలంటే ఇప్పుడే వచ్చి చూసుకోండి."

అది నిజమే.

"నీ సాక్షి రాలేదా?" ఆఫీసర్ బిక్షపతిని అడిగాడు.

"నాకెవరున్నరు సార్?"

"ఉన్నాడయ్యా. శుక్రవారం ఒకతను వచ్చి కాగితం రాసిచ్చాడు. మీ ఇద్దరి ఎదుటా సంతకం పెట్టాలని చెప్పాను. ఒంటిగంట దాకా చూద్దాం."

బిక్షపతి నిటారుగా కూర్చున్నాడు. చంద్రయ్యే అయి ఉంటాడు. మనసు మార్చుకుని ఉంటాడు. ఎవరైనా సరే, రాగానే కాళ్ళు మొక్కాలి. తలుపు వైపు నుంచి చూపు తిప్పలేదు.

ఒంటిగంట అయింది. ఎవరూ రాలేదు.

సేటు మనిషి లేచి చొక్కా సర్దుకున్నాడు.

"సంతకం లేంది చెల్లదు," అంటూ ఆఫీసర్ కాగితాన్ని బిక్షపతి ముందుకు తోశాడు.

బిక్షపతి వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాడు.

"అయ్యా, 2014లో చేరిన గాదె బిక్షపతి గారిని తీసేసి, ఆయన నాలుగో నంబరు ప్రెస్సు మీద నన్ను పెట్టుకున్నారు, ఆ పని ఆయనది, ఆయనకే ఇప్పించండి, సోమవారం నేను స్వయంగా వచ్చి సంతకం పెడతాను."