దొరికిపోయిన సమద్

ముక్కు సన్నగా కనబడాలని మెహ్జబీన్ చేయించుకున్న ఆపరేషన్ వికటించింది. ముక్కు వంకరపోయింది. ఏ వాసనా తెలియకుండా పోయింది. ఏడాది తర్వాత భర్త సమద్ ఆమెను హన్మకొండలో ఇంకో డాక్టర్‌కు చూపించాడు.

“చెవిలకెల్లి మెత్తటి ఎముక తీసి ముక్కుకు పెడితే, చెవి మంచిగనే ఉంటదా సార్?” అని ఆమె అడిగింది.

“వాసన తెలుస్తదా సార్?” అని సమద్ మళ్లీ మళ్లీ అడిగాడు.

రెండో ఆపరేషన్ అయ్యాక, కట్టు విప్పిన రోజు డాక్టర్ అద్దం అందించాడు. మెహ్జబీన్ అందులో చూసుకోకుండానే భర్త వైపు తిరిగి గాలి పీల్చింది.

“సిగరెట్ తాగిన్రా? పెండ్లప్పుడే మానేసిన అన్నరు కద?”

సమద్ గంతేసి డాక్టర్‌ను కౌగిలించుకున్నాడు.

“దొరికిపోయినందుకు ఇంత ఖుషీనా?” అన్నాడు డాక్టర్.

“ఏడాది సంది రోజూ సిగరెట్ తాగొచ్చి ఆమె పక్కనే కూసుంటున్న సార్,” సమద్ కళ్లు తుడుచుకున్నాడు. “ఒక్కనాడన్న తిడ్తదేమోనని.”