బొగ్గుల్లేని కాఫీ

"అన్నిటికంటే చవకది, అన్నిటికంటే తేలికది చూపించండి. బొత్తిగా చేతకానివాళ్ళు కూడా చేసుకునేలా ఉండాలి," అంది బెజావిత్.

పియాసా బజార్లో కాఫీ మిషన్లు అమ్మే జెరిహున్‌కు నోరు అదుపులో పెట్టుకోవడం రాదు. కౌంటరు మీద మూడు మిషన్లు వరసగా పెడుతూనే ఆరా మొదలుపెట్టాడు.

"ఎవరికి చెల్లెమ్మా? నీకేనా?"

"మా అమ్మకి. సోమవారం నుంచి పగలంతా ఇంట్లో ఒక్కతే ఉండాలి. నేను బ్యాంకుకి వెళ్ళిపోతాను."

పక్కనే స్టూలు మీద వాళ్ళమ్మ అస్కలె కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. ఒళ్ళో పర్సు పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

జెరిహున్ ఆశ్చర్యంగా చూశాడు. గింజలు వేయించి, దంచి, మట్టికూజాలో కాచి పోయడం అడిస్ అబాబాలో ఆడపిల్లకు ఊహ తెలిసినప్పుడే పట్టుబడే విద్య. ఈ వయసులో ఈవిడకు మిషన్ ఏమిటో అతనికి అంతు పట్టలేదు.

"అదేంటమ్మా! కూజా ఉండగా ఈ డబ్బాతో మీకేం పని? అల్లుడుగారు ఇటలీ ఆయన గానీ కాదు కదా?"

అస్కలె నవ్వలేదు. బెజావిత్ అందుకుంది.

"బొగ్గుల కుంపటి ఇంక వద్దండీ. కాఫీకని నేల మీద పరిచిన గడ్డి రెండుసార్లు అంటుకుంది. రెండోసారి పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టి ఆర్పారు. ఇంకోసారి పొగ కనిపిస్తే గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. మా అమ్మకి మతిమరుపు."

"అవునా అమ్మా?"

"అవును బాబూ. కుంపటి ముట్టించి మర్చిపోయాను," అంది అస్కలె.

"అదొక్కటేనా?" బెజావిత్ గొంతు తగ్గించింది. "మొన్న చుట్టుపక్కల ఆడవాళ్ళని కాఫీకి పిలిచాం. తొలి కాఫీ పోశాక అదే పొడి మళ్ళీ కాచి రెండోది, మూడోది పోయాలా? మళ్ళీ పచ్చి గింజలు వేయించడం మొదలు. మళ్ళీ తొలి కాఫీయే. అలా మూడుసార్లు! మూడో కాఫీ దీవెన అందుకోకుండానే అందరూ లేచిపోయారు. గుమ్మం దాటకముందే నవ్వుకున్నారు. పాపం, అమ్మకి ఎంత సిగ్గయిందో."

అస్కలెకు ఇప్పుడు సిగ్గు వేయలేదు. ఏడుపూ రాలేదు. చాన్నాళ్ళుగా ఆమెకు ఏదీ రావడం లేదు. చేయి చాచి కూతురి నుదుటి మీదికి తెల్లటి పైబట్ట జరిపి సర్దింది.

జెరిహున్ మొదటి మిషన్ తట్టాడు. "ఇది సొగసైనది. కానీ పొడి ఎంత మెత్తగా ఉండాలో తెలియాలి, సమంగా అదమాలి, ఈ ముల్లు చూసుకుంటూ ఉండాలి. మనకొద్దు."

"కరెంటు పోతే?" అంది బెజావిత్.

"ఆగిపోతుంది. మంట లేదుగా, భయం లేదు. ఈ రెండోది బాగా చవక. కాకపోతే మనమే ఆపాలి. మూడోది కొంచెం ఎక్కువ, కానీ ఇంత సులువైనది నా కొట్లో ఇంకోటి లేదు. బజార్లో దొరికే పొడి ఏదైనా సరే, ఈ పచ్చ మీట నొక్కితే చాలు. కప్పు నిండగానే అదే ఆగిపోతుంది."

"కరెంటు పోతే?"

"చెప్పాను కదా చెల్లెమ్మా, ఏమీ కాదు."

అప్పుడు అస్కలె మొదటిసారి మిషన్ వైపు జరిగింది.

"నీళ్ళు పోయడం మర్చిపోతే?"

"ఎర్రదీపం వెలిగి ఆగిపోతుంది."

"కప్పు పెట్టడం మర్చిపోతే?"

"కింద పళ్ళెంలో పడుతుంది."

"తాగేసి, తాగలేదనుకుని మళ్ళీ నొక్కితే?"

తన మతిమరుపు సంగతి ఇంత బాగా గుర్తున్న మనిషిని జెరిహున్ ఎక్కడా చూడలేదు. అయినా ఓపిగ్గా చెప్పాడు.

"మళ్ళీ ఒక కప్పు వస్తుంది. దీనికి తొలి కాఫీ, మలి కాఫీ అంటూ ఉండవమ్మా. ఎప్పుడు నొక్కినా తొలి కాఫీయే. ఎవరూ నవ్వరు."

అస్కలె పర్సు తెరిచింది.

"ఉండమ్మా," అని బెజావిత్ ఆమె చేయి పట్టుకుంది. "ఏమండీ, కరెంటు పోతే?"

జెరిహున్ పకపకా నవ్వాడు. పియాసాలో బేరం మరిగినవాళ్ళు అడిగిందే అడిగి కొట్టువాడి ప్రాణం తీస్తారు.

"నీకో దణ్ణం చెల్లెమ్మా! బ్యాంకువాళ్ళు ఊరికే వదులుతారా? సరే, రెండొందల బిర్ తగ్గించుకో."

బెజావిత్ కూడా నవ్వింది. అస్కలె డబ్బిచ్చి, పెట్టె చంకన పెట్టుకుని, రెండో చేత్తో కూతురి చేయి పట్టుకుని మినీబస్సు ఎక్కింది.

శనివారం, ఆదివారం ఇంట్లో అదే పాఠం. బెజావిత్ నీళ్ళు పోసింది, పొడి వేసింది, కప్పు పెట్టింది, మీట నొక్కింది.

"చూశావా అమ్మా? ఇప్పుడు నువ్వు చెయ్యి."

"నాకింకా పట్టుబడలేదు తల్లీ. నువ్వే మరోసారి చూపించు."

అలా ఇరవైసార్లు చూపించింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చేసిన కాఫీ అంతా ఇద్దరూ తాగలేక పక్కింటికి పంపారు. ఆదివారం సాయంత్రానికి చేతులు వాటంతటవే పనిచేశాయి.

సోమవారం పొద్దున, హోటల్లో కొత్తగా కుదిరిన ఇంజెర రొట్టెలు కాల్చే పనికి బయల్దేరే ముందు, అస్కలె ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మిషన్‌కు అతికించింది: "బెజావిత్, నువ్వు బ్యాంకు మానేసి ఏడాదయింది, ఎక్కడికీ వెళ్ళకు; పచ్చ మీట ఒక్కటే నొక్కు, అమ్మ సాయంత్రం వస్తుంది."