జిగురు తాత తీగ

ఫోన్ మోగేసరికి తడి దుప్పటికి ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస అతని చేతిలో ఉన్నాయి.

కొత్త కాపురం. దుప్పటి పిండడం కూడా వాళ్ళకి ఆటే.

"నువ్వు పంపిన పురుగుకి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదమ్మా. కొత్త జాతి!" అన్నారు స్పీకర్లో, ఆమె చేత పరిశోధన చేయిస్తున్న మాస్టారు.

ఆమె కొస వదిలేసి గెంతింది. దుప్పటి వెళ్ళి అతని నెత్తిన పడింది.

నువ్వుగింజంత గెంతుడు పురుగు అది. వరిచేలో సుడిదోమకి దూరపు చుట్టం. పోయిన నెల మేడ మీద ఆరేసిన మొగుడి చొక్కా మీద పట్టుకుంది.

"నా చొక్కా మీద దొరికింది కాబట్టి నా పేరే పెట్టాలి," అన్నాడతను దుప్పట్లోంచి.

"ఉండండి! సార్ ఇంకా ఏదో అంటున్నారు."

"అది బతికే మొక్క మాత్రం తప్పు రాశావు. గులాబీ కాదు."

"గులాబీ కుండీలో కూడా కనిపించింది సార్."

"వాలిందంతే. బస్టాపులో నిలబడ్డవాణ్ణి చూసి అదే వాడి ఇల్లంటావా? రెక్కలొచ్చాక ఎక్కడైనా తిరుగుతాయి. పిల్లలు ఏ మొక్క మీద పెరుగుతున్నాయో చూపించు, పేరు నువ్వే పెట్టు. లేదంటే వ్యాసం ఆగిపోతుంది."

"ఎలా వెతకను సార్?"

"రసం తాగి జిగురు చిమ్ముతాయి. మొక్క కింద బంకబంకగా ఉంటుంది."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను నెత్తి మీది దుప్పటి లాగేసి పక్కింటి గోడ వైపు చూస్తున్నాడు.

పక్కింటి పెద్దాయన గోడ మీంచి ఒక తీగ పాకి, వీళ్ళ మేడ మీద దండెం మీదికి వాలి ఉండేది. ఉతికిన బట్టలన్నీ బంక. ఆయనకి 'జిగురు తాత' అని పేరు పెట్టుకుని నవ్వుకునేవారు.

పోయిన వారం అతనే వెళ్ళి గట్టిగా చెప్పి వచ్చాడు. పెద్దాయన సరేనన్నాడు. సాయంత్రానికల్లా తీగని వేళ్ళతో సహా పెకలించేశాడు.

"పురుగుల చదువు చదివావు, నీకైనా తెలియొద్దూ?" అన్నాడు మొగుడు.

"కొత్త పెళ్ళికూతురికి మొగుడు తప్ప ఇంకేం కనిపిస్తుంది?" అంది, నవ్వూ ఏడుపూ కలిపి.

ఇద్దరూ పరిగెత్తారు.

తలుపు తీసిన పెద్దాయన కంగారుపడ్డాడు. "మళ్ళీ ఏం పడిందమ్మా బట్టల మీద?"

"అది కాదు తాతగారూ. ఆ తీగ ముక్కైనా మిగిలిందా?"

"చెత్తబండి పట్టుకెళ్ళిపోయిందమ్మా."

ఆమె గుమ్మంలోనే చతికిలబడింది.

ఆయన తటపటాయించాడు. "ఒక్క కొమ్మ మాత్రం లోపల ఉంచుకున్నా. కిటికీ దాటనివ్వను బాబూ, మీ వైపు రాదు."

వంటింటి కిటికీలో, నీళ్ళ సీసాలో జానెడు కొమ్మ. ఆకుల అడుగున, తెల్లటి దూదితోకలతో పిల్ల పురుగులు!

"ఇదే వీటి ఇల్లు!" అంటూ ఆమె సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"అంత పనికొస్తుందా? అయితే తీసుకెళ్ళమ్మా," అని సీసా ఆమె చేతుల్లో పెట్టేశాడు.

గుమ్మం దాటుతుంటే మెల్లగా అన్నాడు. "వేరు పడితే, నీ పనయ్యాక, ఒక కణుపు నాకివ్వు తల్లీ."

"ఈ తీగంటే అంత ఇష్టమా తాతగారూ?"

"మా ఆవిడ నాటింది. కొత్తగా కాపురానికొచ్చిన రోజున. మీలాగే."

"మరి మేం అనగానే ఎందుకు పీకేశారు?"

"తనుంటే అదే చెప్పేది. కొత్త జంట, మంచి బట్టలు కట్టుకునే రోజులు, పాడుచెయ్యకండి అనేది."

ఇద్దరూ మెల్లగా మెట్లు దిగారు. సీసా తొణక్కుండా ఆమె, ఆమె జారకుండా అతను.

"నా పేరొద్దులే," అన్నాడతను చివరికి.

"ఊఁ. రేపు పొద్దున్నే మళ్ళీ వెళదాం."

"ఎందుకు?"

"ఆవిడ పేరేమిటో అడగాలి."