ఇనేసమ్మ రాయి

“నోట్లో తిరగని మాటను నేను రాతిలో చెక్కనప్పా,” అన్నాడు మద్దిలేటి ఆచారి, ఉలి పక్కన పెడుతూ. “ముందు మీరు పలకండి. ఎనక నేను పలుకుతా. అర్థం చెప్పండి. అప్పుడు సుత్తి పట్టుకుంటా. మా నాయన నేర్పిన పద్ధతి ఇది.”

గురవయ్య తల పట్టుకున్నాడు. ఎండలో నంద్యాల నుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషి. “మీ ఆళ్ళగడ్డోళ్ళకు రాయీ గట్టిదే, తలకాయా గట్టిదే,” అన్నాడు. “చెప్పవయ్యా సుందరరాజూ, నీ పనే గదా ఇది.”

ఆచారి పందిరి కింద సగం మొహాలు తేలిన దేవుళ్ళ మధ్య ఒక నల్లరాయి వెల్లకిలా పడుకొని ఉంది. దాని మీద ఇనెస్ పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఎర్రటి జాజుతో రాసి ఉంది. ఉలి ఇంకా తగల్లేదు. అడుగున ఒక్క మాటకు చోటు వదిలారు.

ఇనెస్ స్పెయిన్ దేశపు నర్సు. మిషన్ ఆస్పత్రిలో పన్నెండేళ్ళు పనిచేసి, పోయిన నెల జ్వరంతో చనిపోయింది. పల్లెల్లో అందరికీ ఆమె ఇనేసమ్మ. వచ్చిన కొత్తలో ఆమెకు తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని మిషన్ హైస్కూలులో ఇంగ్లీషు చెప్పే సుందరరాజును దుబాసీగా పెట్టారు. వాళ్ళ ఇంట్లో బి.ఏ. చదివిన మొదటివాడు అతను. అప్పగించిన పనికి వంక చెప్పే అలవాటు లేదు. గోస్పాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆమె వెంట సైకిలు మీద తిరిగాడు. రోగుల మాట ఆమెకు, ఆమె మాట రోగులకు చెబుతూ చెబుతూ ఆమె భాష నేర్చుకున్నాడు.

“వాళ్ళమ్మ అడిగిందంటప్పా,” సంఘపెద్ద గురవయ్య ఆచారికి చెప్పాడు. “నా బిడ్డ ఆడ ఎవురూ లేకుండా ఒంటిగా పోయిందా అని. ఆ ముసలామెకు వాళ్ళ భాష తప్ప ఇంకోటి రాదు. రాయి ఫోటో పంపిస్తే, అందులో వాళ్ళ మాట ఒక్కటన్నా ఉండాల గదా! ‘పార్ట్‌నర్’ అని పెట్టాలని కమిటీలో తీర్మానం చేసినాం.”

“ఇంగ్లీషులో అది ఒక్క మాటే అన్నా,” అన్నాడు సుందరరాజు. “స్పానిషులో మాత్రం ఒక్కో సంబంధానికి ఒక్కో మాట ఉంది. సోసియా అంటే పొత్తు వ్యాపారం చేసే మనిషి.”

“ఆయమ్మ ఏమన్నా పత్తి మండీ పెట్టిందా? వద్దు.”

“పరేహా. జోడీ అని. నాట్యంలో, ఆటలో...”

“సమాధి మీద నాట్యమేందయ్యా! కమిటీ నా తోలు తీస్తాది.”

ఆచారి పగలబడి నవ్వాడు. సుందరరాజు నవ్వలేదు.

“కొంపన్యేరా. పనిలో తోటిది.”

గురవయ్య గడ్డం గోక్కున్నాడు. “బాగానే ఉంది గానీ, సాలదు. పెండ్లయిన నర్సును మిషన్ ఒక్కపూట ఉంచుకోదు, ఎనక్కి పంపిస్తాది. అది తెలిసే గదా ఆ తల్లి మనకోసం పెండ్లే మానుకునింది! అట్లాంటిదాన్ని పట్టుకొని ఉత్త తోటిది అంటే ఎట్లా?”

సుందరరాజు రాయి వైపు చూశాడు. సమాధి చేసిన రోజు మిషన్ పెద్ద దొర ఇంగ్లీషులో ఆమెను పొగుడుతుంటే, పక్కన నిలబడి ప్రతి వాక్యం తెలుగు చేసింది అతనే. గొంతు జీరపోకుండా చేశాడు. పెద్దలందరూ మన్ను వేశాక, బడి పంతుళ్ళ వరసలో అతని వంతు వచ్చింది.

“ఇంకోటి ఉందన్నా,” అన్నాడు చివరికి. “ఎస్పోసా.”

“అంటే?”

“దేవుని ఎదుట మాటిచ్చి, పోయేదాకా ఆ మాట మీదే నిలబడిన ఆడమనిషి.”

గురవయ్యకు కళ్ళు చెమర్చాయి. “ఇదీ మాటంటే! సేవ చేస్తానని మాటిచ్చింది, చేస్తా చేస్తానే పోయింది. ఇదే చెక్కు ఆచారీ.”

“ఇస్పోసా,” అన్నాడు ఆచారి.

“ఇ కాదు. ఎ.”

“ఎస్పోసా.”

నెల రోజుల్లో ఇంకొకరి నోట ఆ భాష సుందరరాజు చెవిన పడటం ఇదే మొదలు. నంద్యాలలో దాన్ని మాట్లాడే మనిషి ఇక లేదు.

గురవయ్య కండువా దులుపుకొని లేచాడు. “బస్సు ఎప్పుడుందో కనుక్కోనొస్తా. ఒరే అబ్బీ, నీకూ నలభై దగ్గరపడె. మా చెల్లెలు బిడ్డ అరుణకుమారి పాణ్యంలో టీచరుగా చేస్తాంది. ఊ అను, ఆదివారమే మాట్లాడతా. ఎన్నాళ్ళు ఒక్కనివే సంగటి కెలుక్కుంటావ్?”

“చూద్దాంలే అన్నా.”

“పదేండ్ల నుంచీ ఇదే మాట!” విసుక్కుంటూ రోడ్డెక్కాడు గురవయ్య.

సుందరరాజు కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను ఆచారి జాజుతో రాతి మీదికి దించాడు. సుత్తి తీసుకున్నాడు. మళ్ళీ ఆగాడు.

“పంతులూ, సమాధి రాయికి మొదటి దెబ్బ నేను ఏయను. అయినోళ్ళే ఏయాల.”

“వాళ్ళది దూరదేశం ఆచారీ.”

“తెలుసులే. ఈడ ఎవురూ లేకుంటే రాయికి మొక్కి నేనే ఏస్తా. ఎవురూ లేరని నీ నోటితో ఒక్క మాట చెప్పు, సాలు.”

చెప్పడం ఎంతసేపు? ఇన్నేళ్ళూ అతను చెప్పినవన్నీ ఇంకొకరి మాటలే; ఇదీ వాటిలో ఒకటి అనుకుంటే సరిపోతుంది. సుందరరాజు నోరు తెరిచాడు. రోడ్డు వైపు చూశాడు. గురవయ్య కండువా మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

అతను రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని చేయి చాచాడు.

ఆచారి సుత్తి వెనక్కి లాక్కున్నాడు. “అయినోళ్ళు ఏసేదని చెప్తాండా గదా సామీ! నువ్వు ఆయమ్మకు ఏమైతావ్?”

“మొగుణ్ణి.”