ఆషర్‌కు నచ్చిన ఆల్బమ్

క్లాక్ టవర్ దగ్గరి ఇరానీ హోటల్ మెట్ల మీద సుమిత్ర ఆగిపోయింది. లోపల ఆషర్ ఉంటాడు. రాహుల్ చనిపోయాడని అతనికి చెప్పాలి. ఆ తర్వాత, ఇంతకాలం రాహుల్ పేరుతో మెసేజ్‌లు రాసింది తనేనని చెప్పాలి. ఆ రెండో మాటే నోరు దాటేలా లేదు.

రాహుల్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఆఫీసు నుంచి మల్కాజ్‌గిరి వస్తుంటే వానలో బండి జారింది. అంతే. కర్మ అయిన మర్నాడు వాడి ఫోన్ మోగింది. ఆషర్ అనే స్నేహితుడి మెసేజ్.

“ఏమైపోయినవ్? లైట్‌హౌస్ ఆల్బమ్ మళ్ల విన్న. నాకైతే ఇప్పటికీ అదే నంబర్ వన్. నువ్వేమంటవ్?”

సంగతి చెప్పేద్దామనే కూర్చుంది. పోయాడని రాసి, చెరిపేసింది. వచ్చినవాళ్లంతా రాహుల్ గురించి ‘ఉండేవాడు’ అని మాట్లాడి వెళ్లారు. వాడు ఉన్నాడనుకునే మనిషి లోకంలో ఇతనొక్కడే. సుమిత్ర టైప్ చేసింది. “కాదు, మునిగిపోయిన ఊరి ఆల్బమే నంబర్ వన్.” ఇంట్లో రాహుల్ ఎప్పుడూ చెప్పే మాటే అది.

నిమిషంలో జవాబొచ్చింది. అలా మొదలైంది.

రాహుల్‌కు ప్రోగ్రెసివ్ రాక్ అంటే ప్రాణం. అందులోనూ మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే కథ నడిచే ఆల్బమ్‌లు, రాక్ ఒపెరాలు. “మధ్యల ఆపొద్దమ్మా, కథ తెగిపోతది” అనేవాడు. ఆమెకది ఒట్టి మోత. తలుపు వేసుకోమని వంటింట్లోంచి కేకేసేది.

ఇప్పుడు భర్త మధుసూదన్ ఆఫీసుకు వెళ్లగానే వాడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తనే వినేది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. తాళం ఎక్కడ పడుతుందో తెలిసేది కాదు. ఇంగ్లీషు మాటలు నెట్‌లో వెతికి చదివేది. ఎవరెవరో రాసిన సమీక్షలు చదివి, అందులోంచి ఒకటి రెండు ముక్కలు రాహుల్ మాటల్లోకి మార్చి పంపేది. పాత మెసేజ్‌లు కూడా మొదటి నుంచీ చదివింది. ఇద్దరి స్నేహం ఫోన్‌లోనే, ఒక్కసారీ కలవలేదు. ఆషర్ మొదట్లో పొట్టి పొట్టిగా, అల్లరిగా రాసేవాడు. పోనుపోను ఒద్దికగా, నిండు వాక్యాలు రాశాడు. వయసుతో పాటు పెద్దరికం వచ్చిందనుకుంది. ఒకసారి అతను రాసిన వాక్యం తను చదివిన సమీక్షలోనూ కనబడింది. గొప్పవాళ్లకు తోచిందే రాహుల్ స్నేహితుడికీ తోచిందని మురిసిపోయింది.

మధుసూదన్ కొడుకు మాట ఎత్తడు. వాడి గిటార్ ఎవరికో ఇచ్చేశాడు. ఆమె ఎత్తితే లేచి బయటికి పోతాడు. ఇక వాడు మిగిలింది ఆ ఫోన్‌లోనే.

పోయిన నెల ఆషర్ ఒక మాట రాశాడు. “నువ్వు గిట్ల రాయకుంటే నేను ఎప్పుడో పోయేటోణ్ని.”

సుమిత్ర ఆ మాట మళ్లీ మళ్లీ చదివింది. బతికున్న పిల్లవాడొకడు, లేని రాహుల్‌ను పట్టుకుని వేలాడుతున్నాడు. ఇంకా మోసం చేయడం పాపమనిపించింది. కలుద్దామని రాసింది. రాహుల్ బతికున్నప్పుడు కూడా చాలాసార్లు అడిగాడు. ఆషర్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఈసారీ వారం దాటినా జవాబు లేదు. చివరికి సరేనన్నాడు. గుర్తుగా టేబుల్ మీద హెడ్‌ఫోన్స్ పెడతానన్నాడు.

కిటికీ పక్క టేబుల్ మీద హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. వాటి ముందు అరవై దాటిన మనిషి. తెల్లచొక్కా, నెరిసిన గడ్డం.

సుమిత్ర తడబడింది. తర్వాత సర్దుకుంది. ఆ పాటలు ఈనాటివి కావు. వాటితో పెరిగినవాళ్లకు ఈపాటి వయసే ఉంటుంది. రాహుల్‌కు మాత్రం తన ఈడువాళ్లతో ఎప్పుడు కుదిరింది గనక.

“ఆషర్ గారూ” అంది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆమె వెనక గుమ్మం వైపు చూశాడు. “రాహుల్ రాలేదామ్మా?” అన్నాడు.

నిలబడే చెప్పేసింది. తను రాహుల్ తల్లినని, వాడు పోయి రెండేళ్లు దాటిందని, అప్పటి నుంచీ రాసింది తనేనని. ఆ పాటల్లో ఒక్కటీ తనకు అర్థం కాదని, అభిప్రాయాలన్నీ అరువువేనని. ఎన్ని తిట్లు తిట్టినా పడతానంది.

ఆయన తిట్టలేదు. కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. వెయిటర్ తెచ్చిపెట్టిన చాయ్ తొరక కట్టింది. ప్రాణస్నేహితుణ్ని ఇప్పుడే పోగొట్టుకున్న మనిషిని ఎలా ఓదార్చాలో ఆమెకు తెలియలేదు. ఎదురుగా కూర్చుంది.

ఆయన కాస్త కుదుటపడ్డాక, ఇన్నాళ్లూ మనసులో ఉన్నది అడిగింది.

“మా ఇంట్ల వాని పేరు ఎవ్వరు తియ్యరు సార్. వాణ్ని మీకంటె ఎక్కువ ఎరిగినోళ్లు ఇంకెవ్వరు లేరు. దోస్తీ ఎట్లయింది, వాడు ఏమేం చెప్పెటోడు, దేనికి నవ్వెటోడు, మీకు ఆ లైట్‌హౌస్ ఆల్బమ్ ఎందుకంత ఇష్టమో, జెర చెప్పండి. వింట.”

ఆయన మొహం మీంచి చేతులు తీశాడు.

“నాకు సుత ఆ పాటలు అర్థం కావమ్మా, ఆషర్ నా కొడుకు, మీ రాహుల్ కంటె ముందే పోయిండు, అప్పట్నుంచి వాని పేరు మీద రాస్తున్నది నేనే” అన్నాడు.