భూమ్మీద లేరు

ఒరే ఆబేలూ, బ్యాండు ఏం చూపిస్తే అది నమ్మే వెర్రిమొహమా, ఇది విను. ఎవరెక్కడున్నారో చేతి బ్యాండే చెప్పే రోజులు కదా. దేవుడు తనని పరలోకానికి ఏర్పరచుకున్నాడో లేదోనని మీ అమ్మ దోర్కాకి ఒకటే బెంగ. ఆటపట్టిద్దామని ఆదివారం పొద్దున్నే, ఆమె బ్యాండులో మనందరి పేర్ల పక్కన 'భూమ్మీద లేరు' అని పెట్టాను. ప్రభువు వచ్చి, తనవాళ్లందర్నీ పరలోకానికి తీసుకుపోయి, ఆమెని ఒక్కదాన్నే వదిలేసి వెళ్లాడన్నమాట.

తలుపు చాటు నుంచి చూస్తున్నాను. బ్యాండు చూసి కుర్చీలో కూలబడింది. తల వాల్చేసింది.

"చెల్లీ!" అని పరిగెత్తాను.

పకపకా నవ్వింది.

"కూలబడింది నిన్ను బయటికి లాగడానికే. ముందు నిజంగానే వణికిపోయానన్నయ్యా. కిందికి చూస్తే నీ పేరు పక్కన కూడా అదే ఉంది. హమ్మయ్య, ఇది దేవుడి పని కాదని అప్పుడే తేలిపోయింది!"