డీజిల్ ముల్లు

రాయచోటి షెడ్డులో మెకానిక్ ఖాజావలి పాత జీపు గేరుబాక్సు విప్పి పళ్లన్నీ తడిమి చూశాడు. ఏసుమణి పక్కనే నిలబడింది. ఘాట్ దిగుతూ ఆ జీపు బండను గుద్దుకొని, ఆమె భర్త చనిపోయి నెల కాలేదు.

"సెకండ్ హ్యాండ్ బండి గదన్నా. గేరు దానంతటదే జారిపోయింటాది. ఆ మాట చెప్పు. తాగి తోలినాడని చర్చి కాడ గూడా అంటాండారు."

"గేరు బాగుండాదమ్మా. ఆయప్పే న్యూట్రల్ చేసినాడు. డీజిల్ తక్కువుంటే మిగిలిచ్చేదానికి ఈ పక్క డ్రైవర్లంతా అట్లనే ఘాట్ దిగుతారు. న్యూట్రల్లో బండిని ఆపేది బ్రేకొకటే. ఆ పొద్దు అది పట్టల్యా."

బ్యాటరీ కలిపి తాళం తిప్పాడు. డీజిల్ ముల్లు సున్నా మీద నుంచి కదలలేదు.

"చూడు. దీన్ని చూసే న్యూట్రల్ చేసినాడు. తాగి కాదు."

ఏసుమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ మాట ఒగసారి మా చర్చికొచ్చి చెప్పన్నా."

"చెప్తాలే" అంటూ ఖాజావలి ట్యాంకులో పుల్ల ముంచి తీశాడు. పుల్ల సగందాకా తడిసింది.

"ముల్లే చెడిపోయిందమ్మా. డీజిల్ శానా ఉండాది. పోయించినోళ్లు ఆయప్పకు చెప్పల్యా?"

ఏసుమణి ఆ పుల్లను చేతిలోకి తీసుకుంది.

"ఆయన పోయే ముందు దినం నేనే క్యానుతో తెచ్చి పోసినా. అప్పటికి కొట్లాడుకొని వారమాయ. ఆయనే ముందు మాట్లాడల్లని చెప్పకుండా ఉండిపోతి."